కల్నల్ గారి చార్జి అమ్మకు అప్పగించేదెలా?

ప్రశ్న: నాన్నగారు ఆర్మీలో కల్నల్. వచ్చే ఏడాది 54 ఏళ్లకు రిటైరవుతున్నారు. సగం పెన్షన్ కమ్యూట్ చేసి (నెలనెలా వచ్చేది తగ్గించుకుని ఆ మేరకు ఒకేసారి సొమ్ము తీసుకుని), డీఎస్‌ఓపీ అనే ఆర్మీ ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో కలిపి మొత్తం సైనిక్‌పురిలో ఇంటికి పెడతానంటున్నారు. బదిలీల వల్ల అమ్మ ఉద్యోగం చేయలేదు, లెక్కలేవీ ఆమెకు తెలియవు. ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. ఏం చేయాలి?

జవాబు: కమ్యుటేషన్ మీద పేచీ పెట్టకండి. ఆ మొత్తానికి పన్ను లేదు, 15 ఏళ్లకు పూర్తి పెన్షన్ తిరిగొస్తుంది, డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) ఎలాగూ పూర్తి పెన్షన్ మీదే కడతారు. ఆయనకేమైనా అయితే అమ్మకొచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోనూ ఆ కోత ఉండదు. తప్పల్లా అంతా ఇంటికే పోయడం. 69 ఏళ్ల దాకా పెన్షన్ తగ్గి ఉంటుంది, చేతిలో నగదు ఉండదు. పైగా ఇన్నాళ్లూ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకు ఇంటి పన్ను, రిపేర్లు కొత్త ఖర్చులే.

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము అనగానే 60 దాటాలనుకుంటారు. సైన్యంలో రిటైరైనవాళ్లు 50 నుంచే చేరవచ్చు. పరిమితి 30 లక్షలు. ప్రస్తుత 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, దానికి పన్నుంటుంది. అమ్మను జాయింటుగా చేర్చండి. ఏడాదిలోపు మూసేస్తే వడ్డీ దక్కదు కాబట్టి ఇంటి అడ్వాన్సు సొమ్ము ఇందులో వేయొద్దు.

నాకు అసలు భయం కాగితాల దగ్గరే. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. సర్వీసు రికార్డులో, ఆధార్‌లో, పాన్‌లో అమ్మ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే సర్వీసులో ఉండగానే పార్ట్ టూ ఆర్డర్‌తో (సర్వీసు రికార్డులో మార్పులు నమోదు చేసే ఆర్మీ ఉత్తర్వు) సరిచేయించాలి. తర్వాతైతే ఆ తిరుగుడు అమ్మ ఒక్కతే తిరగాలి. డీఎస్‌ఓపీ, ఏజీఐఎఫ్ (ఆర్మీ బీమా నిధి) నామినేషన్లు వేర్వేరు. పెళ్లికి ముందు నానమ్మ పేరున రాసినవి అలాగే ఉండిపోతుంటాయి. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం అమ్మానాన్నలకు ఉంటుంది, సంపాదించే పిల్లలకు ఉండదు. మీకు ఉద్యోగముంటే సొంత ఆరోగ్య బీమా తీసుకోండి.

ఆయనకు సలహా చెప్పబోతే వినరు. కానీ ఏ పోస్టింగూ హ్యాండింగ్-టేకింగ్ ఓవర్ కాగితం (తర్వాత వచ్చేవారికి చార్జి అప్పగించే పత్రం) లేకుండా వదిలి ఉండరు. అదే అడగండి: ఖాతాలు, పాలసీలు, స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్) లాగిన్, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ రాసి అమ్మతో సంతకం పెట్టించమనండి. పెన్షన్ కోసం ఏటా ఇవ్వాల్సిన ఆయన లైఫ్ సర్టిఫికెట్‌ను మొదటిసారి ఆయన పక్కన కూర్చుని ఉండగా అమ్మ చేతే చేయించండి. ఓటీపీ ఏ ఫోనుకు వస్తుందో అప్పుడే తెలిసిపోతుంది.