బీటీ, సీటీ నార్మల్ అని ఊరుకోకండి

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఆడుతూ పడితే చాలు, మోకాలు వాచిపోతుంది. ఇక్కడి ల్యాబులో బీటీ (రక్తం కారడం ఆగే సమయం), సీటీ (రక్తం గడ్డకట్టే సమయం), ప్లేట్‌లెట్లు నార్మల్ అన్నారు. రక్తం తీసి ఐస్ డబ్బాలో హైదరాబాద్ పంపితే, పీటీ, ఏపీటీటీ అనే గడ్డకట్టే పరీక్షల్లో పీటీ నార్మల్, ఏపీటీటీ 74 సెకన్లు (కంట్రోల్, అంటే ఆరోగ్యవంతులకు, 30) వచ్చింది. దేన్ని నమ్మాలి? చిన్నప్పుడు మా తమ్ముడికి పన్ను తీస్తే రెండు రోజులు రక్తం ఆగలేదు.
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన తమ్ముడి సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. మేనమామకూ మేనల్లుడికీ రక్తం ఆగకపోతే ముందుగా హిమోఫీలియాను, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జన్యు జబ్బును, అనుమానించాలి.

బీటీ ప్లేట్‌లెట్ల పనితీరును చూస్తుంది. హిమోఫీలియాలో ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి, తగ్గేది ఫాక్టర్ 8 లేదా 9 (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు). సీటీ మొరటు పరీక్ష, లోపం తీవ్రంగా ఉంటే తప్ప పట్టుకోలేదు. ఈ రెండూ బాగున్నాయని పిల్లల్ని ఇంటికి పంపేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ ఫాక్టర్లు తగ్గితే ఏపీటీటీ పెరుగుతుంది. అయితే ఆ 74ను కూడా అప్పుడే ఖాయం చేసుకోకండి. రక్తం పట్టే నీలం మూత గొట్టంలో, గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ మందు ఒక వంతు, రక్తం తొమ్మిది వంతులు ఉండాలి. గీత వరకు నిండకపోతే సమయం ఎక్కువగా చూపిస్తుంది. ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరుచేయని రక్తాన్ని ఐస్‌లో పెడితే ఫాక్టర్ 8 తగ్గినట్టు కనిపించవచ్చు. ఏపీటీటీ మామూలుగా నాలుగు గంటల్లోపు చేయాలి. అందుకే రక్తాన్ని పంపకండి, బాబునే తీసుకెళ్లండి. నిమ్స్ వంటి పెద్దాసుపత్రిలో అక్కడికక్కడే రక్తం తీయించండి.

మళ్లీ ఎక్కువే వస్తే, బాబు ప్లాస్మాలో ఆరోగ్యవంతుల ప్లాస్మా సగానికి సగం కలిపి చూస్తారు. సమయం సరైపోతే ఫాక్టర్ లోపం, సరికాకపోతే ఫాక్టర్‌ను అడ్డుకునే పదార్థం ఉందనుకోవాలి. తర్వాత ఫాక్టర్ 8, 9 శాతాలు కొలుస్తారు. 1 శాతం కన్నా తక్కువైతే తీవ్రం, 1 నుంచి 5 మధ్యస్థం, 5 నుంచి 40 స్వల్పం. వాన్ విల్లిబ్రాండ్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే మరో ప్రోటీన్) పరీక్ష కూడా అడగండి. తమ్ముణ్నీ వెంట తీసుకెళ్లండి.

ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని నిందిస్తే ఈ పేజీ చూపించండి. హిమోఫీలియా తల్లి వైపు జన్యువు ద్వారా రావచ్చు, కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగానూ రావచ్చు. ఎవరి తప్పూ లేదు.

ఫలితం తేలేవరకు కండరాలకు ఇంజెక్షన్లు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి, హిమోఫీలియా అనుమానం ఉందని ముందే చెప్పండి.