తేదీ అడ్డంగా, వేళ నిలువుగా

అమ్మాయీ,

నువ్వు పంపిన తలనొప్పి పట్టిక చూశాను. మూడు నెలలు విడవకుండా రాశావు, నా వల్ల అయ్యే పని కాదు. కానీ దాని కింద గీసిన గ్రాఫు మాత్రం రంపపు పళ్లలా ఉంది. మంగళవారం నొప్పికీ శుక్రవారం నొప్పికీ నడుమ ఏమీ జరగనప్పుడు వాటిని గీతతో కలపడం దేనికి? నీకు కావలసింది ఒక్కో నొప్పికి ఒక్కో చుక్క.

గీసే ముందు తేదీలను సరిచూసుకో. నువ్వు పట్టిక వేసిన ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక సంఖ్య. 1900 జనవరి 1ని 1 అనుకుని రోజులు లెక్కిస్తుంది. 2000 జనవరి 1 దాని లెక్కలో 36526. వేళ ఆ రోజులో ఒక భాగం: మధ్యాహ్నం 12 గంటలు 0.5, సాయంత్రం ఆరు 0.75. (1900ని అది లీపు సంవత్సరం అనుకుంటుంది. లోటస్ 1-2-3 అనే పాత లెక్కల ప్రోగ్రాంతో పొసగాలని తెలిసే ఉంచిన తప్పు అది. నీ పట్టికకు దానితో చిక్కు లేదు.) నీ తేదీల్లో కొన్ని సెల్‌లో ఎడమవైపుకు జరిగి ఉన్నాయి. అవి తేదీ వేషంలో ఉన్న అక్షరాలు. కంప్యూటర్ నెలను ముందు చదివే అమరికలో ఉంటే 13/04 అని, పక్కన సంవత్సరంతో సహా కొట్టినప్పుడు ఇలా అవుతుంది. అది కంటికి కనబడుతుంది కాబట్టి దిద్దుకోవచ్చు. 03/04 మాత్రం చప్పుడు చేయకుండా మార్చి 4 అయి కూర్చుంటుంది. నాకు భయం దానితోనే. నెల పేరును అక్షరాల్లో చూపే ఫార్మాట్ పెట్టి అన్నీ ఒకసారి చదువు.

తర్వాత స్కాటర్ చార్టు, అంటే గీత కలపకుండా చుక్కలు మాత్రమే పెట్టేది, తీసుకో. అడ్డంగా తేదీ, నిలువుగా వేళ. నిలువు అక్షానికి కనిష్ఠం 0, గరిష్ఠం 1, మెట్టు 0.125 ఇస్తే మూడేసి గంటలకు ఒక గీత పడుతుంది.

చుక్కలు అడ్డంగా ఒక పట్టీలా పరుచుకుంటే కారణం గడియారంతో ముడిపడి ఉంటుంది: భోజనం, నిద్ర, కాఫీ మానిన వేళ, అలాంటివి. ఒకే తేదీ మీద నిలువుగా పేరుకుంటే ఆ రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. ఏటవాలుగా నడిస్తే ఆ చక్రం 24 గంటలది కాదన్నమాట. సముద్రపు పోటు వేళల్ని ఇలా గుర్తిస్తే చుక్కలు వాలుగానే సాగుతాయి, పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక.

నీ పట్టికలో వేళలు చాలావరకు సరిగ్గా గంటల మీదే ఉన్నాయి. నొప్పి గంట కొట్టగానే రాదు కదా! తర్వాత గుర్తు చేసుకుని రాశావని అర్థమైంది. నేనూ ఇక్కడే బోల్తాపడ్డాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక యంత్రం ఎప్పుడూ ఉదయం ఆరుకూ మధ్యాహ్నం రెండుకూ ఆగుతోందని చార్టు గీసి, షిఫ్టు మారేటప్పుడు ఎవరో అజాగ్రత్తగా ఉంటున్నారని పెద్ద నివేదిక రాశాను. తీరా చూస్తే, ఎప్పుడు ఆగినా షిఫ్టు చివర్లోనే పుస్తకంలో ఎక్కిస్తున్నారు. నేను పట్టుకున్నది యంత్రం అలవాటును కాదు, గుమాస్తా అలవాటును. అందుకే ఇకపై నొప్పి మొదలైన క్షణంలోనే రాయి. కంట్రోల్, షిఫ్టు, సెమికోలన్ కలిపి నొక్కితే అప్పటి వేళ దానంతటదే పడుతుంది.

రాత్రి నొప్పుల దగ్గర ఇంకో మెలిక ఉంది. 11:50 చుక్క చార్టు పైఅంచున, 12:10 చుక్క కిందిఅంచున పడతాయి. రెంటికీ ఎడం ఇరవై నిమిషాలే. సగటు తీస్తే ఇంకా అన్యాయం: రాత్రి 11కూ ఒంటిగంటకూ సగటు మధ్యాహ్నం 12 అని వస్తుంది! కాబట్టి సగటు జోలికి పోకు. వేళకు 0.5 కలిపి, భాగించగా మిగిలిన శేషాన్ని ఇచ్చే మాడ్ (MOD) ఫంక్షన్‌లో 1తో భాగించి పూర్ణాంకాన్ని తీసేయి. అప్పుడు నీ రోజు మధ్యాహ్నం మొదలై, అర్ధరాత్రి చార్టు నడిమధ్యకు వస్తుంది. అక్షం మీది అంకెలు పన్నెండు గంటలు జరిగి ఉంటాయని మాత్రం మరవకు.

జూన్ రెండో వారం అంతా ఖాళీగా ఉంది. నొప్పి రాలేదా, రాయలేదా? రాని రోజున "లేదు" అని రాయడం ఇవాళే మొదలుపెట్టు. ఆ ఖాళీ వారానికి లేత రంగు వేసి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చార్టును కాగితం మీద తీసుకెళ్లు. నాకూ ఒక ప్రతి పంపు, కళ్లజోడు మార్చుకున్నాను, చుక్కలు బాగానే కనబడుతున్నాయి.

మీ బాబాయి