తెలిసిన పేరుతో వచ్చిన మెయిల్

ప్రశ్న: మా మామయ్య పేరుతో ‘ఈ బిల్లు ఒకసారి చూడు’ అంటూ మెయిల్ వచ్చింది. జతచేసిన ఫైలు తెరిస్తే ఏమీ కనబడలేదు. మర్నాడు నా పేరుతో అలాంటి మెయిలే అందిందని నలుగురు ఫోన్ చేశారు. నేనెవరికీ పంపలేదు! మామయ్య మీద చాలా కోపంగా ఉంది. పాస్‌వర్డ్ మార్చాను. అది చాలుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మామయ్య మీద కోపం వదిలేయండమ్మా. ఆ మెయిల్ ఆయన పంపింది కాదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కంప్యూటర్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాంవే. వైరస్ మరో ఫైలును అంటిపెట్టుకుని బతుకుతుంది. వర్మ్‌కు ఆ ఆసరా అక్కర్లేదు, తన నకళ్లను తానే పంపుకుంటుంది. మీ చిరునామా, ఆయన చిరునామా రెండూ దాచుకున్న మూడో మనిషి కంప్యూటర్ నుంచి కూడా అది ఆయన పేరు పెట్టుకుని వచ్చి ఉండవచ్చు. 2004లో వ్యాపించిన ‘మైడూమ్’ ఇలాగే పంపినవారి చిరునామాను మార్చేసేది.

2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వర్మ్ మా కార్యాలయానికీ వచ్చింది. జతచేసిన ఫైలు పేరు చివర ‘టీఎక్స్‌టీ’ అని కనబడేది కాబట్టి అందరూ మామూలు ఉత్తరమే అనుకున్నారు. దాని వెనక ‘వీబీఎస్’ అని మరో ఎక్స్‌టెన్షన్, అంటే ఫైలు ఏ రకమో చెప్పే తోక ఉంది. తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను విండోస్ దాచేస్తుంది కనుక అది ఎవరికీ కనబడలేదు. తెరిచినది ఉత్తరం కాదు, ప్రోగ్రాం. మా సహోద్యోగిని ఒకావిడ చనిపోయిన తండ్రిగారి ఫొటోలను స్కాన్ చేసి దాచుకుంది. వాటి పేర్లు చూడటానికి దాదాపు అలాగే ఉన్నాయి, లోపల మాత్రం బొమ్మకు బదులు ఆ వర్మ్ నకలే! ఆవిడ ఒక్కో ఫైలూ తెరిచి చూసుకోవడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే చాలదు. అదే కంప్యూటర్‌లో మార్చి ఉంటే కొత్తది కూడా దొంగ చేతికి చిక్కి ఉండవచ్చు. ముందు ఇంటర్నెట్ ఆపేయండి. పెన్‌డ్రైవ్‌లేవైనా ఉంటే తీసి పక్కన పెట్టండి, వాటినీ పరీక్షించాలి. యాంటీవైరస్‌తో కంప్యూటర్ మొత్తం స్కాన్ చేయించండి. పాస్‌వర్డ్‌ను మరో పరికరం నుంచి మళ్లీ మార్చండి. మీ మెయిళ్లు మీకు తెలియని చిరునామాకు ఫార్వర్డ్ అవుతున్నాయేమో సెట్టింగుల్లో చూడండి. ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు కనబడేలా విండోస్ సెట్టింగులను కూడా మార్చుకోండి.

జిప్ ఫైలు పంపి, దాని పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాస్తే మరీ అనుమానించండి. అలా తాళం వేసిన ఫైలు లోపల ఏముందో యాంటీవైరస్‌కు కనబడదని అలా చేస్తారు.

ఆ నలుగురికీ ఫైలు తెరవవద్దని ఫోన్‌లోనే చెప్పండి. మామయ్యకూ ఈరోజే ఫోన్ చేయండి, ఆయన కంప్యూటర్‌నూ పరీక్షించుకోవాలి.