మోటర్‌హోమ్‌లో యూరప్ తిరిగేవారికి రాత్రి మజిలీ ఎక్కడ?

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్లు అద్దె మోటర్‌హోమ్ తీసుకుని మొదటి సెలవులకు బయలుదేరే ముందు అడిగే సందేహం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇల్లే చక్రాల మీద ఉన్నప్పుడు పొద్దుపోయిన చోట ఆపుకుని పడుకోకూడదా? ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయి, దాదాపు ప్రతి వేసవిలోనూ కుటుంబంతో ఇలా తిరిగే నేను చెప్పే జవాబు ఇది. ఎక్కడ పడితే అక్కడ ఆపుకోకూడదు. కాని చట్టం ఒప్పుకునే చోట్లు మీరు ఊహించిన దానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఆ రాత్రికి మీకు ఏది తగినదో మధ్యాహ్నంలోగా తేల్చుకోవడమే అసలు పని. చూడవలసిన ఊళ్ల జాబితాను నెలల ముందే రాసిపెట్టుకునేవారు కూడా రాత్రి బసను మాత్రం సాయంత్రం ఏడింటికి, పిల్లలు విసిగిపోయి, నడిపేవారి కళ్లు మూతపడుతున్న వేళ ఫోనులో వెతకడం మొదలుపెడతారు. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే పుట్టాయి.

ముందుగా గ్రహించవలసినది పార్కింగ్‌కూ క్యాంపింగ్‌కూ మధ్య చట్టం గీసిన గీత. దానిని ఎంతో స్పష్టంగా చెప్పినది ఇటలీ రహదారి స్మృతిలోని 185వ నిబంధన. బండి తన చక్రాల మీదే నిలిచి, ఇంజనుకు సంబంధించినవి తప్ప మరే వ్యర్థాలనూ బయటికి వదలకుండా, తన కొలతను మించి రోడ్డును ఆక్రమించకుండా ఉన్నంతవరకు అది పార్కింగే గాని క్యాంపింగ్ కాదని ఆ నిబంధన అంటుంది. అంటే లోపల మీరు నిద్రపోతున్నారా, మేలుకుని ఉన్నారా అన్నది లెక్కలోకి రాదు. పక్కనున్న గుడ్డ పందిరి చాపినా, కుర్చీలు బయట వేసినా, బండిని సమంగా నిలిపే జాకీలు దించినా లెక్క మారిపోతుంది. జర్మనీలో ఆలోచన కొంత వేరు. అలసిన డ్రైవరు మళ్లీ సురక్షితంగా నడిపే స్థితికి రావడం కోసం, పార్కింగ్‌కు అనుమతి ఉన్న చోట ఒక రాత్రి బండిలో నిద్రపోవడాన్ని ఇక్కడ తప్పుగా చూడరు, కాని అదే చోట మకాం వేసి రెండో రాత్రి కూడా గడపడాన్ని ఒప్పుకోరు.

ఒక దేశంలో చెల్లినది పక్క దేశంలో చెల్లుతుందనుకోవడమే కొత్తవారు చేసే మొదటి పొరపాటు. క్రొయేషియాలో క్యాంప్‌సైట్‌ల బయట క్యాంపింగ్ నిషేధం, జరిమానాలు నిజంగానే వేస్తారు. పోర్చుగల్ 2021లో నిబంధనలు మార్చింది. రక్షిత ప్రకృతి ప్రాంతాల్లోనూ తీరప్రాంత మండలాల్లోనూ నిర్దేశించిన చోట్ల తప్ప రాత్రి బండిలో పడుకోకూడదు, మిగతా చోట్ల ఒకే మునిసిపాలిటీ పరిధిలో 48 గంటలు దాటకూడదు. స్వీడన్, నార్వేల పేరు చెప్పగానే అక్కడ ప్రకృతిలో ఎవరైనా ఎక్కడైనా తిరగవచ్చన్న హక్కును గుర్తు చేసేవారు ఉంటారు. ఆ హక్కు కాలినడకన వెళ్లేవారికి, గుడారం వేసుకునేవారికి ఉద్దేశించినదే గాని, మోటారు బండిని రోడ్డు దాటించి అడవిలోకో చెరువుగట్టుకో తోలుకుపోవడానికి ఇచ్చినది కాదు. ఇంత జాబితా బట్టీ పట్టవలసిన పని లేదు. సరిహద్దు దాటే ముందు రోజు రాత్రి ఆ దేశపు నియమాన్ని ఒక్కసారి చదువుకుంటే చాలు. బండి ఆపిన చోట ఉన్న బోర్డు మాత్రం దేశపు నియమం కంటే బలమైనదని గుర్తుంచుకోండి, ముఖ్యంగా ఫ్రాన్స్ సముద్రతీర పట్టణాల్లో, ఎందుకంటే అక్కడి పురపాలకులు రాత్రిపూట మోటర్‌హోమ్‌లను నిషేధించే బోర్డులు విరివిగా పెడతారు.

మరి చట్టబద్ధమైన చోట్లు ఏవి? జర్మనీలో వాటిని ష్టెల్‌ప్లాట్జ్ అంటారు, ఫ్రాన్స్‌లో ఎయిర్ అంటారు, ఇటలీలో ఆరియా ది సోస్తా అంటారు. ఇవి మోటర్‌హోమ్‌ల కోసమే కేటాయించిన స్థలాలు. చాలావాటిని ఊరి పురపాలక సంఘమే నడుపుతుంది, కొన్ని పూర్తిగా ఉచితం, చాలా చోట్ల రాత్రికి 10 నుంచి 15 యూరోలలో పని జరిగిపోతుంది. ముందుగా బుక్ చేసుకునే వీలు సాధారణంగా ఉండదు, ఎవరు ముందు వస్తే వారిదే చోటు. ఫ్రాన్స్‌లో మరో చక్కని ఏర్పాటు ఫ్రాన్స్ పాసియోఁ. ఏడాదికి సభ్యత్వం తీసుకుంటే ద్రాక్షతోటల వారు, రైతులు తమ ఆవరణలో 24 గంటలు ఉచితంగా నిలపనిస్తారు. అయితే అక్కడ స్నానాల గదులు, మరుగుదొడ్లు ఉంటాయని ఆశించకూడదు, బండిలోని వసతులతోనే సర్దుకోవాలి. వీటన్నిటి పైన క్యాంప్‌సైట్‌లు ఉండనే ఉన్నాయి. వేసవి సెలవుల్లో నలుగురు ఉన్న కుటుంబానికి రాత్రికి 50 యూరోలు దాటడం మామూలే గాని, వేడినీళ్ల స్నానాలు, బట్టలుతికే యంత్రం, పిల్లలు పరుగెత్తడానికి పచ్చిక దొరుకుతాయి.

వీటిలో దేన్ని ఎంచుకోవాలన్నది డబ్బుతో కాక బండిలోని ట్యాంకులతో నిర్ణయించాలని నా అభిప్రాయం, ఈ విషయం అద్దె కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు. మామూలు మోటర్‌హోమ్‌లో మంచినీటి ట్యాంకు సుమారు 100 లీటర్లు పడుతుంది. నలుగురు జాగ్రత్తగా వాడితే రెండు రోజులు, ఇంట్లోలాగా షవరు తెరిచి నిలబడితే ఒక్క పూటే వస్తుంది. టాయిలెట్ కింద ఉండే క్యాసెట్ సుమారు 18, 20 లీటర్లది, అది రెండు రోజుల్లో నిండుతుంది. నిండిన క్యాసెట్‌ను, వాడిన నీటి ట్యాంకును అందుకోసం ఏర్పరచిన చోట మాత్రమే ఖాళీ చేయాలి, రోడ్డు పక్క కాలువలో వదలడం నేరం. ఆ ఏర్పాటు ప్రతి ష్టెల్‌ప్లాట్జ్‌లోనూ ఉండదు. కాబట్టి రెండు రాత్రులు ఉచితమైన చోటో చవకైన చోటో గడిపి, మూడో రాత్రి అన్ని వసతులున్న క్యాంప్‌సైట్‌లో దిగే పద్ధతిని మేము పాటిస్తాం. నీళ్లు నింపుకోవడం, వ్యర్థాలు వదలడం, బ్యాటరీ పూర్తిగా ఎక్కించుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, అన్నీ ఆ రోజే. చలికాలంలో వెళ్లేవారు ఇంకొకటి చూసుకోవాలి. గడ్డకడతాయని చాలా పురపాలక స్థలాల్లో నీటి కొళాయిలు మూసేస్తారు, సేవలు ఏడాది పొడుగునా ఉంటాయో లేదో ముందే తెలుసుకోండి. గ్యాస్ సంగతి కూడా అంతే. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు పనిచేస్తుంది కనుక చలిలో ప్రొపేన్ సిలిండరే ఉండాలి.

కరెంటు కనెక్షన్ ఉన్న చోటు దొరికిందంటే ఇల్లు దొరికినట్లు కాదు. చాలా క్యాంప్‌సైట్‌లలో ఇచ్చేది 6 లేదా 10 ఆంపియర్లే. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1,380 వాట్లు. 2,000 వాట్ల కెటిల్ పెట్టారంటే ఫ్యూజు ఎగిరిపోతుంది, అది ఉన్న పెట్టెకు తాళం వేసి ఉంటే ఆఫీసు తెరిచేవరకు చీకట్లో కూర్చోవాలి. పెద్దవాళ్లలో ఎవరైనా రాత్రి శ్వాస యంత్రం వాడుతుంటే మాత్రం కరెంటు లేని చోటు జోలికి వెళ్లకండి, బండి బ్యాటరీని నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఇక వేళ. నాలుగు గంటలకల్లా చేరాలన్నది నా నియమం, మంచి ష్టెల్‌ప్లాట్జ్‌లు వేసవి శుక్రవారాల్లో ఐదింటికే నిండిపోతాయి కనుక. మరీ తొందరగా, మధ్యాహ్నం ఒంటిగంటకు చేరినా చిక్కే. జర్మన్ క్యాంప్‌సైట్‌లలో చాలాచోట్ల ఒంటిగంట నుంచి మూడింటి వరకు విశ్రాంతి వేళ, గేటు ఎత్తరు. అనుకున్న చోటుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లలో రెండో చోటును కూడా రాసిపెట్టుకోండి. పార్క్‌ఫోర్‌నైట్, క్యాంపర్‌కాంటాక్ట్ వంటి యాప్‌లు ఇందుకు బాగా ఉపయోగపడతాయి, అయితే వాటిలో నక్షత్రాలను కాక ఇటీవలి నెలల వ్యాఖ్యలను చదవాలి. మూడేళ్ల కిందట ఎవరో ప్రశాంతంగా పడుకున్న చోట ఇప్పుడు నిషేధం బోర్డు ఉండవచ్చు. పైగా యాప్‌లో ఒక చోటు కనిపించినంత మాత్రాన అక్కడ పడుకోవడానికి అనుమతి ఉందని అర్థం కాదు. అది తోటి ప్రయాణికుడు చెప్పిన మాటే గాని ఆ ఊరి అధికారి ఇచ్చిన రాత కాదు.

బోర్డు పూర్తిగా చదవకపోవడం ఎంత దూరం తెస్తుందో మేము ఫ్రాన్స్‌లోని ఒక చిన్న పట్టణంలో నేర్చుకున్నాం. చర్చి ఎదుట విశాలమైన మైదానం, పి అక్షరమున్న నీలం బోర్డు, చుట్టూ చెట్లు. అంత బాగున్న చోట మాది తప్ప మరో మోటర్‌హోమ్ లేకపోవడం నాకు అనుమానం కలిగించవలసింది, కలిగించలేదు. తెల్లవారుజామున ఐదింటికి ఇనుప గొట్టాలు కిందపడుతున్న చప్పుడుకు లేచి చూస్తే చుట్టూ సంత దుకాణాలు కడుతున్నారు, మా బండి సరిగ్గా ఒక చేపల వ్యాపారి చోటులో ఉంది. నీలం బోర్డు కిందనే చిన్న అక్షరాలతో గురువారం సంత అని, ఆ రోజు పార్కింగ్ నిషేధమని రాసి ఉంది. పాపం ఆయన తిట్టలేదు, పక్కవాళ్లను పిలిచి రెండు బల్లలు జరిపించి మాకు దారి ఇచ్చాడు. ఆనాటి నుంచి ఏ బోర్డునైనా దాని కింది పలకతో సహా ఫోటో తీసి అనువాదం చూసుకున్నాకే ఇంజను ఆపుతున్నాను.

చోటు చేరాక నేల చూడండి. రాత్రి వాన పడే సూచన ఉంటే పచ్చికను వదిలి కంకర వేసిన చోటుకు వెళ్లాలి. ఎక్కువ అద్దె బండ్లు ముందు చక్రాలతో నడిచేవి, బరువేమో వెనుక ఉంటుంది, తడి గడ్డిలో ముందు చక్రాలు జారుతూ తిరుగుతాయే గాని బండి కదలదు. మమ్మల్ని ఒకసారి రైతు ట్రాక్టరుతో లాగవలసి వచ్చింది. నది ఒడ్డు, ఎండిన వాగు పక్క, ముఖ్యంగా కొండ ప్రాంతాల్లో, ఎంత అందంగా ఉన్నా వద్దు. పైన ఎక్కడో పడిన వాన మీ దగ్గరకు అర్ధరాత్రి చేరుతుంది. బండి దాదాపు సమంగా నిలవాలి, అది నిద్ర కోసమే కాదు; చాలా బండ్లలో ఉండే గ్యాస్ ఫ్రిజ్ బాగా వాలిన నేల మీద సరిగా చల్లబరచదు. ఎప్పుడైనా ముందుభాగం దారివైపు ఉండేలా నిలపండి, రాత్రి ఏదైనా తేడా అనిపిస్తే వెనక్కి తిప్పకుండానే బయటపడవచ్చు. ఎత్తు సంగతి చెప్పనే అక్కరలేదు, మూడు మీటర్ల బండికి రెండు మీటర్ల ఎత్తు గొట్టం అడ్డుపెట్టిన పార్కింగ్ పనికిరాదు. ఇటలీ పాత పట్టణాలకు ఇంకొక జాగ్రత్త అవసరం. నావిగేషన్ చూపే దగ్గరి దారి జెడ్‌టీఎల్ అనే నిషేధిత కేంద్రం గుండా పోతే కెమెరా పట్టుకుంటుంది, జరిమానా నెలల తరువాత మీ జర్మనీ చిరునామాకే వస్తుంది, అద్దె కంపెనీ తన రుసుమును కలిపి మరీ పంపుతుంది.

భద్రత గురించి కొత్తవారికి ఉండే భయం తప్పు చోట ఉంటుంది. నిద్రపోతున్నవారి బండిలోకి మత్తు గ్యాస్ వదిలి దోచుకుంటారన్న కథ దశాబ్దాలుగా తిరుగుతోంది. అలా మేల్కొనకుండా ఒక బండిలోని వారందరినీ స్పృహ తప్పించడం చాలా అసంభవమని బ్రిటన్‌లోని మత్తుమందు వైద్యుల రాయల్ కాలేజీ చెప్పింది. దొంగతనాలు మాత్రం నిజమే, అవి ఎక్కువగా హైవే పక్క విశ్రాంతి స్థలాల్లో జరుగుతాయి. అక్కడ ఎవరు వస్తున్నారో, పోతున్నారో ఎవరికీ పట్టదు, రాత్రంతా లారీల చప్పుడు, శీతలీకరణ యంత్రాల మోత కూడా. హైవే దిగి ఐదు, పది నిమిషాలు లోపలికి వెళ్తే ఏదో ఒక ఊరి ష్టెల్‌ప్లాట్జ్ ఉంటుంది. పక్కన మరో నాలుగు బండ్లు ఉండే ఆ చోటుకు ఒంటరి చోటు సాటిరాదు. ఎక్కడ ఆగినా ఆ ఊరి పేరు, వీధి పేరు కాగితం మీద రాసి డాష్‌బోర్డు దగ్గర పెట్టుకోండి. అర్ధరాత్రి అత్యవసర సహాయం కోసం 112కు ఫోన్ చేయవలసి వస్తే మీరు ఎక్కడున్నారో వెంటనే చెప్పగలగాలి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి బస ఎంపికలో ఇంకొక లెక్క కలుస్తుంది. జర్మనీ నివాస అనుమతితో ఇతర షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో) ఏ 180 రోజులలోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు, అయితే పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ అసలువి దగ్గర ఉండాలి. స్పెయిన్, ఇటలీ వంటి చోట్ల క్యాంప్‌సైట్ ఆఫీసులో ప్రతి ఒక్కరి వివరాలూ నమోదు చేస్తారు. క్రొయేషియా 2023 జనవరిలో షెంగెన్‌లో చేరింది గాని, దుబ్రోవ్నిక్ వెళ్లే పాత తీరపు దారి మధ్యలో కొన్ని కిలోమీటర్లు షెంగెన్‌లో లేని బోస్నియా నేల మీదుగా పోతుంది. 2022 జూలైలో తెరిచిన పెల్యేషాట్స్ వంతెన మీదుగా వెళ్తే ఆ దేశంలో అడుగు పెట్టనక్కరలేదు. ఆ రాత్రి బసను వంతెన దారిలోనే చూసుకోండి, అద్దె ఒప్పందంలో బోస్నియాకు అనుమతి ఉందో లేదో అన్న బెడదా ఉండదు.

మొదటి రాత్రికి మాత్రం పైవేవీ ప్రయత్నించవద్దు. బండి తీసుకున్న చోటికి 50 కిలోమీటర్లలోపే, కరెంటు, నీళ్లు ఉన్న క్యాంప్‌సైట్‌ను ముందే బుక్ చేసుకుని వెలుతురు ఉండగా చేరండి. హీటరు ఎలా వెలిగించాలో, క్యాసెట్ ఎటువైపు తెరుచుకుంటుందో, పరుపు ఎలా పరుచుకుంటుందో ఆ సాయంత్రం తెలుస్తుంది, ఏదైనా పనిచేయకపోతే పొద్దున్నే వెనక్కి వెళ్లి మార్పించుకునే దూరంలోనే ఉంటారు.