ఫ్రిస్కో మైదానం నుంచి మొదలుపెట్టు, తమ్ముడూ

డాలస్ వచ్చి మూడు నెలలైందనీ, లంచ్‌లో ఆఫీసువాళ్లు ఇక్కడి బేస్‌బాల్ జట్టు రేంజర్స్ ట్రేడ్ల (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) గురించి మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్కా అర్థం కావడం లేదనీ రాశావు. వాళ్ల ఆర్లింగ్టన్ స్టేడియానికి తర్వాత వెళ్దువుగాని, ముందు నువ్వుండే ఫ్రిస్కోలోనే రఫ్‌రైడర్స్ ఆట చూడు. అది రేంజర్స్ వాళ్ల కిందిస్థాయి (డబుల్-ఏ) జట్టు, అగ్రస్థాయి మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద ఉంటుంది.

దీన్ని మన రంజీతో పోల్చుకోకు. ఇక్కడ ఆడే కుర్రాళ్ల ఒప్పందాలు రేంజర్స్ చేతిలో ఉంటాయి. ఎవరిని పైకి పిలవాలో, ఎవరిని ఇచ్చేసి బదులుగా ఎవరిని తెచ్చుకోవాలో వాళ్లిష్టం. కుర్రాణ్ణి అడిగే పనే లేదు.

2023లో మావాడు ఫ్రిస్కో ఆటలకి స్కోరు పుస్తకం పట్టుకొచ్చేవాడు. లూయిసాంహెల్ అకూన్యా అనే కుర్రాడు బేస్ దొంగిలించిన (బ్యాటర్ బంతి కొట్టకముందే పరుగెత్తి మైదానంలో తర్వాతి మూల, అంటే బేస్, చేరిన) ప్రతిసారీ గడిలో పెన్సిల్‌తో చిన్న బాణం గీసేవాడు. ఇతను అట్లాంటా జట్టు స్టార్ రొనాల్డ్ అకూన్యాకి స్వయానా తమ్ముడే. జూలై చివర్లో ఒకరోజు ఆ పిల్లాణ్ణి న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చేసి, 39 ఏళ్ల పిచర్ (బంతి విసిరేవాడు) మాక్స్ షెర్జర్‌ని తెచ్చుకున్నారు. దాంతోపాటే ఫ్రిస్కో నుంచి థామస్ సజేసీ, టెకోవా రోబీ సెయింట్ లూయిస్ జట్టుకి వెళ్లారు, మరో పిచర్ జోర్డన్ మాంట్‌గమరీ కోసం. మావాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అయినా ఆ బేరం సరైనదేనంటాను. 1972లో టెక్సాస్‌కి వచ్చిన జట్టు అప్పటిదాకా ఒక్క వరల్డ్ సిరీస్ (ఏటా జరిగే ఫైనల్) కూడా గెలవలేదు. 2011 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో కప్పుకి ఒక్క స్ట్రైక్ (బ్యాటర్ కొట్టలేకపోయిన బంతి) దూరందాకా రెండుసార్లు వెళ్లి ఓడిపోయారు. ఆ రాత్రి చూసినవాళ్లకి తెలుసు అదెంత గాయమో. ఇక 2023లో మాంట్‌గమరీ, వరల్డ్ సిరీస్‌కి ముందు హ్యూస్టన్‌తో జరిగిన సిరీస్ మొదటి ఆటలో ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. షెర్జర్ నడుము పట్టేసి వరల్డ్ సిరీస్ మూడో ఆటలో మూడు ఇన్నింగ్స్‌కే వెళ్లిపోయాడు గానీ, అరిజోనా జట్టు మీద 4-1 ఆటలతో కప్పు వచ్చింది.

ఇవ్వకుండా దాచుకున్నవాణ్ణి కూడా గమనించాలి. ఎవన్ కార్టర్ ఆ ఏడాది ఎక్కువ భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. సెప్టెంబర్‌లో పైకి పిలిస్తే, 21 ఏళ్లవాడు, పోస్ట్‌సీజన్‌లో (సీజన్ తర్వాత కప్పు కోసం జరిగే ఆటలు) మొత్తం 17 ఆటల్లోనూ బేస్ చేరాడు. అవతలి జట్టు అడిగినా ఇవ్వకూడని కుర్రాడెవరో తేల్చుకోవడమే ట్రేడ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని.

అందుకని కొత్త కుర్రాణ్ణి చూసినప్పుడు బ్యాటింగ్ సగటు ఒక్కటే చూసి మోసపోకు. వయసెంత, ఆడే మెట్టు ఏది, చెడ్డ బంతిని వదిలే ఓపిక ఉందా అని చూడు. ట్రేడ్ మాట వస్తే వచ్చిన ఆటగాడి ఒప్పందం ఎప్పటిదాకా ఉందో ముందు అడుగు. మాంట్‌గమరీది ఆ సీజన్‌తోనే అయిపోయింది, మరుసటి ఏడాది అరిజోనాకే ఆడాడు. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, లంచ్ బల్ల దగ్గర నీకూ కుర్చీ జరుపుతారు.

ఆర్లింగ్టన్‌లో పైకప్పు, ఏసీ ఉన్నాయి. ఫ్రిస్కోలో ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రం ఆటకే టికెట్ తీసుకో. వచ్చే శనివారం మేం వెళ్తున్నాం, నువ్వూ రా. నీకో స్కోరు పుస్తకం, పెన్సిలు తెస్తాను.