భూముల మధ్యవర్తిత్వంలో నిలదొక్కుకోదలచిన మేనల్లుడికి

హనుమకొండ

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

ప్లాట్లు, ధరలు అన్నీ ఫోన్లోనే కనిపిస్తుంటే ఇక మనకు కమీషన్ ఎవరిస్తారని నువ్వు అడిగిన మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఒకప్పుడు ఏ వాడలో గజం ఎంత పలుకుతుందో తెలియడమే మన పెట్టుబడి. ఈనాడు ఆ సంగతి ఖరీదుదారుకూ తెలుసు, కానీ స్థలం కాగితాల వెనుక ఏముందో తెలియదు కనుక నీ పని అక్కడే మొదలవుతుంది.

స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే సంస్థ రెరాలో ఏజెంటుగా నమోదు కాకుండా ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ల జోలికి వెళ్లకు. నమోదు కాని వెంచర్‌ను ప్రీ లాంచ్ పేరుతో అమ్మించమని ఎంత ఆశ చూపినా ఒప్పుకోకు. 2016 రెరా చట్టం ప్రకారం ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల చొప్పున, స్థలం విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు.

కాగితాల దగ్గర మాత్రం తొందరపడవద్దు. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల, తాకట్ల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితా, నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చడం), లేఅవుట్ అనుమతి వరుసగా చూడాలి. భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది, కానీ పోర్టల్‌లో పేరు కనిపించగానే తృప్తి పడకుండా, మన పల్లెల్లో సాదా బైనామాల (రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితపు ఒప్పందాల) మీద చేతులు మారిన భూములు ఎన్నో ఉన్నాయి కనుక, సాగులో ఎవరున్నారో, అమ్మేవారి ఇంటి ఆడబిడ్డల సంతకాలు ఉన్నాయో లేదో పక్క చేను రైతును కూడా అడిగి తెలుసుకో.

నేను ఒకసారి ఎండాకాలంలో చూపించిన ప్లాటు వానాకాలంలో మోకాలి లోతు నీటిలో మునిగింది. కొన్న ఉపాధ్యాయుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కమీషన్ తిరిగి ఇచ్చినా ఆ బరువు నా మీద నుంచి దిగలేదు. 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు ప్రాంతాలు నీట మునిగిన తీరు నువ్వూ చూశావు. అందుకే చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు (నిండినప్పుడు నీరు నిలిచే హద్దు), వాన నీటి కాలువ దారి తెలుసుకోకుండా ఎవరి చేతా బయానా (అడ్వాన్సు) ఇప్పించకు. కొనవద్దని నువ్వు చెప్పిన మనిషే రేపు తన తమ్ముణ్ణి నీ దగ్గరికి తీసుకొస్తాడు.

హసన్‌పర్తి స్థలం విషయంలో ఇంకా మాట ఇవ్వకు. ఆదివారం గ్రామ నక్షా తీసుకొని పొద్దున్నే రా, హద్దులు ఇద్దరం కలిసి నడిచి చూద్దాం.

నీ మామ