హాఫ్-ఆర్క్ విజార్డ్ అయితే తప్పా?

ప్రశ్న: మేం ఐదుగురం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడదామని కూర్చుంటున్నాం. మా దగ్గరున్నది 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకం. నాకు హాఫ్-ఆర్క్ (సగం మనిషి, సగం ఆర్క్ అనే బలమైన జాతి) విజార్డ్‌గా, అంటే మంత్రగాడిగా, ఆడాలనుంది. మావాళ్లేమో, హాఫ్-ఆర్క్ అంటే గొడ్డలి పట్టే బార్బేరియన్ యోధుడే, విజార్డ్ కావాలంటే నోమ్ జాతినో హై ఎల్ఫ్ జాతినో తీసుకో, లేకపోతే మా ప్రాణాల మీదికి తెస్తావ్ అంటున్నారు. మార్చుకోనా?
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మార్చుకోకండి. మీవాళ్లు చెప్పేది పూర్తిగా తప్పేం కాదు, కాకపోతే నష్టమెంతో లెక్కేసినట్టు లేరు. హాఫ్-ఆర్క్‌కి బలంలో 2, కాన్‌స్టిట్యూషన్‌లో (ఒంటి గట్టిదనంలో) 1 కలుస్తాయి, విజార్డ్‌కి అన్నం పెట్టే ఇంటెలిజెన్స్‌లో మాత్రం ఏమీ కలవదు. పుస్తకం ఇచ్చే రెడీమేడ్ అంకెల్లో పెద్దదైన 15ని అక్కడ పెడితే మీ మాడిఫయర్ (డైస్ అంకెకి కలిపేది) +2, నోమ్‌కైతే అదే 17 అయి +3. అంటే 20 ముఖాల డైస్ మీద ఒక్క అంకె తేడా. దీనికా ఇంత టెన్షన్!

ఆ ఒక్కటీ తగలకుండా కూడా ఆడొచ్చు. మేజిక్ మిసైల్ అనే స్పెల్ (మంత్రం) గురి తప్పదు, రక్షణ మంత్రాలైన షీల్డ్‌కీ మేజ్ ఆర్మర్‌కీ మీ ఇంటెలిజెన్స్‌తో పనిలేదు, మీ పుస్తకంలోని స్లీప్ కూడా శత్రువుల హిట్ పాయింట్లు (మిగిలిన ప్రాణం లెక్క) చూసే పడుకోబెడుతుంది. ముందు ఇవి తీసుకోండి. హాఫ్-ఆర్క్ కదా అని బలంలో పెద్ద అంకె పెట్టకండి, అక్కడ 8 చాలు. కాన్‌స్టిట్యూషన్‌లో 13 పెడితే 14 అవుతుంది.

ఇక లాభం సంగతి. మొదటి లెవెల్లో అలా చేసిన విజార్డ్‌కి ఉండేవి 8 హిట్ పాయింట్లే, గోబ్లిన్ బాణం ఒకటి గట్టిగా తగిలితే కథ కంచికే. హాఫ్-ఆర్క్ అయితే సున్నాకి పడాల్సినచోట 1 దగ్గర ఆగుతాడు, లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్రలాంటి పూర్తి విశ్రాంతికి) ఒకసారి. పడిపోలేదు కాబట్టి, సేవింగ్ త్రో (దెబ్బని తట్టుకోడానికి వేసే డైస్) నెగ్గితే, కాన్సంట్రేషన్‌తో (ఏకాగ్రతతో) పట్టుకున్న స్పెల్ కూడా నిలుస్తుంది. నోమ్‌కి ఈ వెసులుబాటు లేదు. (డైస్ మీద 20 పడితే తగిలే క్రిటికల్ దెబ్బకి హాఫ్-ఆర్క్‌కి వచ్చే అదనపు డైస్ మాత్రం మీకు దండగే, కర్రతో కొట్టే సరదా ఉంటే తప్ప.) ఇలాంటిదే మౌంటెన్ డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) విజార్డ్: ఇంటెలిజెన్స్‌లో ఏమీ రాదు గానీ మీడియం ఆర్మర్ వేసుకుని దర్జాగా మంత్రాలు వేస్తాడు.

మీవాళ్ల మాట పాత ఎడిషన్ల నాటిది. 1978 నియమాల్లో మనుషులే పాలడిన్ (ధర్మవీరుడు) కాగలిగేవాళ్లు, 1981 బేసిక్ సెట్‌లోనైతే డ్వార్ఫ్ అనేదే ఒక క్లాస్ (విజార్డ్‌లాంటి వృత్తి). 2024 పుస్తకం వచ్చేసరికి ఈ అంకెలు రేస్‌ని (జాతిని) వదిలి బ్యాక్‌గ్రౌండ్‌కి (పాత్ర గతానికి) వెళ్లిపోయాయి.

ఒక్క పని చేయండి, ఆట మొదలుకాకముందే డంజన్ మాస్టర్‌ని (ఆట నడిపేవారిని) అడగండి. 2020లో వచ్చిన టాషాస్ కాల్‌డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో ఈ కలిసే అంకెల్ని నచ్చినచోట పెట్టుకునే నియమం ఉంది. ఆయన ఒప్పుకుంటే బలంలోని 2ని ఇంటెలిజెన్స్‌కి మార్చుకోండి, నోమ్‌తో సమానంగా మీకూ 17.